ఉత్తర కిరీటంలో ఖాళీ చోటు

కుప్పం స్టేషను దాటిన కాసేపటికే రైలు ఆంధ్రప్రదేశ్‌ను వదిలి తమిళనాడులోకి దిగుతుంది. పీఠభూమి అంచున ఉన్న కుప్పం నుంచి జోలార్‌పేట జంక్షన్ దాకా అంతా దిగుడే. రాతిగుట్టలు వెనక్కి పోతాయి, కొబ్బరితోటలు ఎదురొస్తాయి, గాలిలో ఉక్క పెరుగుతుంది. జోలార్‌పేటలో మద్రాసు వైపు బండి పట్టుకుంటే కాసేపట్లో వాణియంబాడి. తోళ్ల పరిశ్రమకు పేరుపడ్డ ఊరు. బస్టాండులో తమిళం, ఉర్దూ కలగలిసి వినిపిస్తాయి. టీకొట్టు దగ్గర నిలబడితే మధ్యమధ్యలో తెలుగూ చెవిన పడుతుంది. అక్కడ ఆలంగాయం బస్సెక్కి జవాది కొండల వైపు సాగితే ఊళ్లు పలచబడి, చెట్లు చిక్కబడతాయి. ఆ దారిలోనే, సముద్రమట్టానికి 700 మీటర్ల పైచిలుకు ఎత్తున, కావలూరు ఉంది.

2025 ఏప్రిల్ చివరి శనివారం ఆ బస్సులో ఇద్దరు తెలుగువాళ్లున్నారు. ఒకరు చిత్తూరు జిల్లాలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరు. పక్కన ఆయన మేనకోడలు, డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. మర్నాడు అమావాస్య. చంద్రుడి వెలుతురు అడ్డురాని రాత్రి కావాలని పంచాంగం చూసి మరీ ఎంచుకున్న రోజది. ఉత్త కంటికి ఆనని ఒక నక్షత్రం వాళ్లను ఆ కొండకు రప్పించింది.

దాని పేరు టి కరోనే బొరియాలిస్. ఉత్తర కిరీటం అనే చిన్న నక్షత్రరాశిలో, మనకు సుమారు 3,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నక్షత్రాల ప్రకాశానికి వేసే లెక్కలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. మనిషి కంటికి హద్దు 6. మామూలు రోజుల్లో ఈ నక్షత్రం ప్రకాశం 10. ఎంత చీకటి పల్లెలో నిలబడి చూసినా అది లేనట్టే. అలాంటిది 1866లో ఒకసారి, 1946లో ఒకసారి ఉన్నట్టుండి వెయ్యి రెట్లకు పైగా వెలిగి, ఆ రాశిలోని మిగతా చుక్కలన్నిటితో పోటీపడింది. రెండు పేలుళ్ల మధ్య సుమారు 80 ఏళ్లు. 1946కి 80 కలిపితే ఏ ఏడాది వస్తుందో బస్సులో ఉన్న ఆ ఇద్దరికీ బాగా తెలుసు.

చుక్క ఒకటే అయినా అక్కడున్నవి రెండు నక్షత్రాలు. పెద్దది అరుణ మహాతార. కేంద్రంలోని హైడ్రోజన్ ఖర్చయిపోయి, ఒళ్లు ఉబ్బి, పైభాగం చల్లబడి ఎర్రబారిన ముసలి నక్షత్రమది. వ్యాసంలో సూర్యుడికి 60 రెట్లకు పైనే. రెండోది శ్వేత కుబ్జతార. ఒకనాడు అది కూడా ఇలాగే ఉబ్బి, పైపొరలన్నీ పోగొట్టుకోగా మిగిలిన నడిగుండె. బరువు సూర్యుడి కంటే ఎక్కువ, సైజు భూమి కంటే తక్కువ. అందులోంచి ఒక చెంచాడు తీసి తూచగలిగితే టన్నుల్లో తూగుతుంది. సూర్యుడికీ భూమికీ మధ్య ఎంత దూరముందో ఇంచుమించు అంతే దూరంలో ఉండి, ఈ రెండూ 227న్నర రోజులకు ఒకసారి ఒకదాన్నొకటి చుట్టి వస్తాయి.

కుబ్జతార గురుత్వం పెద్దదాన్ని గుండ్రంగా ఉండనివ్వదు. అరుణ మహాతార తన చిన్న జోడీ వైపు ముక్కులాగా సాగి ఉంటుంది. తిరుగుతున్నప్పుడు ఒకసారి పక్కవాటం, ఒకసారి ముందువాటం మనకు కనిపిస్తుంది కాబట్టి, ఒక్కో చుట్టులో దాని వెలుగు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. నక్షత్రం ఆకారం ఎవరికీ ఫొటోలో దొరకకపోయినా, ఏళ్ల తరబడి రాసిపెట్టిన ప్రకాశపు అంకెల్లోంచి ఆ సాగిన ముక్కు ఇలా బయటపడింది.

ఆ ముక్కు కొసనుంచే వాయువు జారుతుంది. నేరుగా కుబ్జతార మీద పడదు. దాని చుట్టూ తిరిగే పళ్లెంలాంటి చక్రంగా ఏర్పడి, రాపిడికి వేడెక్కి, మెల్లగా లోపలికి సుడులు తిరుగుతూ చేరుతుంది.

"అంటే మామా, చిన్నది పెద్దదాన్ని తింటోందన్నమాట."

"తింటోంది గానీ అరిగించుకోలేకపోతోందమ్మా. చిక్కంతా అక్కడే ఉంది."

ఆ చిక్కేమిటో తెలియాలంటే సూర్యుడి దగ్గర మొదలుపెట్టాలి. సూర్యుడి గర్భంలో వేడి కాస్త పెరిగితే వాయువు వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది, మంట మళ్లీ తగ్గుతుంది. అన్నం గిన్నె పొంగితే మూత దానంతటదే లేచి ఆవిరి పోయినట్టు, మామూలు నక్షత్రం తనను తాను సర్దుకుంటుంది. కుబ్జతార మీద పేరుకున్న హైడ్రోజన్ పొర అడుగున ఆ సర్దుబాటు లేదు. అక్కడి పదార్థం ఎంతగా కుక్కుకుపోయి ఉంటుందంటే, వేడి పెరిగినంత మాత్రాన పీడనం పెరగదు. మూత లేవదు. వేడి వల్ల సంలీనం వేగం అందుకుంటుంది, సంలీనం వల్ల వేడి ఇంకా పెరుగుతుంది. కోటి డిగ్రీలు దాటాక అది ఎవరూ ఆపలేని పరుగు. చివరికి పొర మొత్తం భగ్గుమని, సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో అంతరిక్షంలోకి ఎగజిమ్ముతుంది. దీన్నే నోవా అంటారు. నక్షత్రం చావదు. కుబ్జతార చెక్కుచెదరదు, అరుణ మహాతార తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, వాయువు మళ్లీ జారడం మొదలవుతుంది.

చాలా నోవాలు రెండోసారి పేలడానికి వేల ఏళ్లు పడుతుంది. టి కరోనే 80 ఏళ్లకే సిద్ధమవుతుంది. కారణం దాని కుబ్జతార బరువు. సూర్యుడి ద్రవ్యరాశికి 1.4 రెట్లు దాటితే ఏ శ్వేత కుబ్జతారా నిలబడలేదని 1930లో, బొంబాయి నుంచి ఇంగ్లండుకు వెళ్లే ఓడలో, పందొమ్మిదేళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ వేసిన లెక్కలు దారి చూపాయి. టి కరోనే కుబ్జతార ఆ హద్దుకు బాగా దగ్గరలో, 1.37 దరిదాపుల్లో ఉందని అంచనా. అంత బరువైన దాని మీద గురుత్వం తీవ్రం, కొద్దిపాటి హైడ్రోజన్ చాలు పేలుడుకు. ఒక పేలుడులో పోయేదాని కంటే, రెండు పేలుళ్ల నడుమ వచ్చి చేరేది ఎక్కువైతే, ఏదో ఒకనాడు హద్దు దగ్గరికొచ్చి కుబ్జతార మొత్తమే పేలిపోవచ్చు. విశ్వం విస్తరణను కొలవడానికి వాడే టైప్ 1ఎ సూపర్‌నోవాల పుట్టుక ఇలాంటి జంటల్లో ఉందా అన్న ప్రశ్నకు ఇంకా తిరుగులేని జవాబు రాలేదు. అందుకే ఇంతమంది కళ్లు ఈ ఒక్క జంట మీద ఉన్నాయి.

కావలూరులో బస్సు దిగితే ముందు కనిపించేవి చెట్లు. వాటి తలలపైన తెల్లటి గుమ్మటాలు. సుమారు 40 హెక్టార్ల అడవి నడుమ భారతీయ ఖగోళ భౌతిక సంస్థ నడిపే పరిశోధన కేంద్రమిది. ఇక్కడ మొదటి టెలిస్కోపు 1968లో పని మొదలుపెట్టింది. దాని అద్దం 38 సెంటీమీటర్లు, తయారైంది కొడైకెనాల్ వర్క్‌షాపులో. 1972లో తూర్పు జర్మనీ నుంచి ఒక మీటరు జీస్ టెలిస్కోపు వచ్చింది. 1977 మార్చి 10 రాత్రి యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డుగా వచ్చినప్పుడు, ఆ గ్రహం చుట్టూ వలయాలున్నాయని ప్రపంచం తెలుసుకుంది. ఆ రాత్రి ఆ నక్షత్రపు వెలుగు తగ్గి పెరగడాన్ని నమోదు చేసిన కొద్దిపాటి చోట్లలో కావలూరు ఒకటి. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ ఇక్కడ 2.34 మీటర్ల టెలిస్కోపును ప్రారంభించి, దానికీ, ఈ కేంద్రానికీ వేణు బప్పు పేరు పెట్టారు. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు దేశంలో దానికంటే పెద్ద ఆప్టికల్ టెలిస్కోపు రాలేదు.

వేణు బప్పు కుటుంబానిది కేరళ మూలం. ఆయన పెరిగింది, చదువుకున్నది మాత్రం హైదరాబాదులో. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటకు చేరింది. బప్పు తండ్రి అందులో ఉద్యోగి. వెలుగు మారే నక్షత్రాలను గమనించి రాసుకోవడం కొడుక్కి అక్కడే అబ్బింది. నిజాం కాలేజీలో చదువు, ఆపైన హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్. అక్కడ విద్యార్థిగా ఉండగానే, 1949లో, ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. ఆ తోకచుక్కకు బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు. ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ప్రచురించిన పరిశోధన, చల్లటి నక్షత్రాల వర్ణపటంలో ఒక కాల్షియం గీత వెడల్పు చూసి ఆ నక్షత్రం ఎంత ప్రకాశవంతమో చెప్పే దారి చూపింది. అరుణ మహాతారల దూరాలు తేల్చడానికి అది పెద్ద సాయం. దేశానికి తిరిగొచ్చి, నగరాల వెలుతురు సోకని, ఉత్తర దక్షిణ ఆకాశాలు రెండూ అందే చోటు కోసం వెతికి ఎంచుకున్నది ఈ కావలూరునే. పెద్ద టెలిస్కోపును చూడకుండానే 1982లో ఆయన కన్నుమూశాడు.

హైదరాబాద్ సంబంధం అంతటితో ఆగలేదు. నగరం వెలుపల, జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టిన 48 అంగుళాల టెలిస్కోపు ఎన్నో ఏళ్లు జంట నక్షత్రాల మీదే పనిచేసింది. ఒకదాన్నొకటి గ్రహణంలా కమ్మే జంటల ప్రకాశాన్ని కొలిచి, వాటి బరువులు, వ్యాసాలు రాబట్టడంలో కె.డి. అభ్యంకర్ వంటి ఆచార్యులు అక్కడ ఒక తరాన్ని తయారుచేశారు. రెండు నక్షత్రాలు కలిసి తిరిగితేనే వాటి బరువు మనకు తెలుస్తుంది. ఒంటరి నక్షత్రం బరువును నేరుగా తూచే తక్కెడ ఖగోళశాస్త్రంలో దాదాపు లేదు.

ఒక మీటరు టెలిస్కోపు ఉన్న గుమ్మటం మిగతావాటితో పోలిస్తే చిన్నదే. లోపల వానకాలపు గోదాముల్లో ఉండే చల్లదనం. పగలు గుమ్మటం మూసి ఉంటుంది, రాత్రి గాలికీ లోపలి గాలికీ వేడిలో తేడా వస్తే చుక్కలు చెదిరిపోతాయి కాబట్టి. టెలిస్కోపు అద్దం సేకరించిన వెలుతురు అడుగున ఉన్న వర్ణపటలేఖినిలోకి పోతుంది. అక్కడ సన్నటి చీలికగుండా దూరి, రంగులుగా విడిపోయి, ఒక నమోదు పట్టీగా మారుతుంది. టి కరోనే వర్ణపటంలో ఎర్రటి వైపు వెడల్పాటి నల్లటి గండ్లు కనిపిస్తాయి. అరుణ మహాతార చల్లటి వాతావరణంలోని టైటానియం ఆక్సైడ్ అణువులు మింగేసిన వెలుతురది. ఆ గండ్ల మధ్య, 656.3 నానోమీటర్ల దగ్గర, ఒక ప్రకాశవంతమైన గీత నిటారుగా లేచి ఉంటుంది. అది హైడ్రోజన్ గీత, ఖగోళ శాస్త్రజ్ఞుల నోట హెచ్-ఆల్ఫా. చల్లటి మహాతార ఒక్కటే ఉంటే ఆ గీత అలా వెలగదు. పక్కన మరేదో వేడిగా ఉంది, దాని కిరణాలు చుట్టూ ఉన్న వాయువును రగిలిస్తున్నాయి. కంటికి అందని కుబ్జతార తన ఉనికిని ఆ ఒక్క గీతలో చాటుకుంటుంది.

ఆ గీత స్థిరంగా ఉండదు. జి.సి. అనుపమ, టి.పి. ప్రభు కావలూరు వర్ణపటాలను పోల్చి, టి కరోనేలో హెచ్-ఆల్ఫా బలపడుతోందని 1991లో ప్రచురించారు. పేలుళ్ల మధ్య నిద్రపోతున్నట్టున్న కాలంలోనూ కుబ్జతార మీద వచ్చిపడే వాయువు పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని దాని అర్థం. అరుణ మహాతారలు జోడీగా ఉన్న పునరావృత నోవాలన్నిటినీ కలిపి అనుపమ, పోలండ్ శాస్త్రజ్ఞురాలు యోవానా మికొలయెవ్‌స్కాతో కలిసి 1999లో మరో విస్తృత అధ్యయనం వెలువరించారు. మన పాలపుంతలో పునరావృత నోవాలుగా తేలినవి పదే. వాటిలో అరుణ మహాతార జోడీ ఉన్నవి నాలుగు.

ఆ నాలుగింటిలో అన్నిటికంటే ఎక్కువసార్లు పలకరించింది ఆర్‌ఎస్ ఒఫియూకి. 1898, 1933, 1958, 1967, 1985, 2006, 2021. 1985 పేలుడును కావలూరు నుంచి అనుపమ, ప్రభు వెంటాడారు. కొన్ని వారాలు గడిచాక వర్ణపటంలో ఒక ఆకుపచ్చ గీత పొడిచింది. 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము పరమాణువులు వెలువరించే గీత అది. సూర్యుడి కరోనాలో, అంటే లక్షల డిగ్రీల వేడిలో పుట్టే గీత. ఇంత వేడి ఎక్కణ్ణుంచి వచ్చింది? అరుణ మహాతార నిరంతరం తన చుట్టూ గాలిలా వాయువును వదులుతూ ఉంటుంది. పేలుడులో ఎగసిన పదార్థం ఆ గాలిని గుద్దుకుంటుంది. ఆ తాకిడి తరంగంలో వాయువు మండిపోతుంది. జోడీ మామూలు నక్షత్రమైతే ఈ ఘట్టం ఇంత తీవ్రంగా ఉండదు. ఉబ్బిన మహాతార పక్కన ఉండబట్టే నోవా తన సొంత ఇంట్లోనే గోడకు ఢీకొంటుంది.

2006లో అదే తాకిడిని పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు అంతకుముందెవరూ ఆ నోవాలో చూడని తక్కువ పౌనఃపున్యాల్లో పట్టుకుంది. మౌంట్ అబూ నుంచి భౌతిక పరిశోధనశాల శాస్త్రజ్ఞులు పరారుణ కిరణాల్లో ఆ తరంగం వేగం తగ్గుతూ రావడాన్ని కొలిచారు. 2021 ఆగస్టులో మళ్లీ పేలినప్పుడు నమీబియాలోని హెచ్ఈఎస్ఎస్, లా పాల్మా దీవిలోని మ్యాజిక్ టెలిస్కోపులు దాని నుంచి అత్యధిక శక్తి గల గామా కిరణాలను గుర్తించాయి. ఒక నోవా నుంచి అంతటి శక్తిలో గామా కిరణాలు దొరకడం అదే మొదటిసారి. తాకిడి తరంగం ప్రోటాన్లను కాంతివేగానికి దగ్గరగా తరుముతోందని ఆ కిరణాలు చెప్పాయి. టి కరోనే అంతకంటే మనకు దగ్గర. అది పేలితే రేడియో నుంచి గామా దాకా ప్రతి కన్నూ అటే తిరుగుతుంది.

ఇన్ని యంత్రాలున్నా, 80 ఏళ్ల నిడివిని దాటించే యంత్రం మాత్రం లేదు. ఒక శాస్త్రజ్ఞుడి ఉద్యోగ జీవితం 35 ఏళ్లు. టి కరోనే ఒక వంతుకు రెండు తరాల మనుషులు కావాలి. అందుకే ఈ నక్షత్రం కథలో పెద్ద అద్దాలతో సమానంగా చిన్న టెలిస్కోపులూ, పాత నోటుపుస్తకాలూ నిలుస్తాయి.

1866 మే 12 అర్ధరాత్రి వేళ ఐర్లండ్‌లోని ట్యూమ్ ఊళ్లో జాన్ బర్మింగ్‌హామ్ స్నేహితుడి ఇంటి నుంచి నడిచి వస్తూ తలెత్తి చూశాడు. ఉత్తర కిరీటంలో ఉండకూడని చుక్క ఒకటి ఉంది. ఆకాశం ఆయనకు కంఠస్థం కాబట్టి తేడా తెలిసింది. కబురందిన విలియం హగ్గిన్స్ లండన్‌లో తన సొంత అబ్జర్వేటరీ నుంచి, మిత్రుడు మిల్లర్‌తో కలిసి, మే 16న వర్ణపటం చూశాడు. మెరిసే హైడ్రోజన్ గీతలు కనిపించాయి. ఒక నోవాను వర్ణపటంలో చూడటం మనిషికి అదే తొలిసారి.

1946 కథ వేరు. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు రైతు కుటుంబంలో పుట్టిన లెస్లీ పెల్టియర్ పాతికేళ్లపాటు టి కరోనేను గమనించి రాసుకున్నాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున అలారం మోగి లేచాడు. జలుబు చేస్తున్నట్టు అనిపించి మళ్లీ పడుకున్నాడు. ఆ రాత్రే అది పేలింది. ఆ బాధను తర్వాత తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

కావలూరుకు ఇలాంటి వారసత్వం మరోటుంది. బెంగాల్‌లోని జెస్సోర్‌లో ట్రెజరీ గుమాస్తాగా పనిచేసిన రాధాగోవింద చంద్ర 1918లో గరుడ రాశిలో పేలిన నోవాను సొంతంగా గుర్తించాడు. ఆ తర్వాత అమెరికాలోని చరనక్షత్ర పరిశీలకుల సంఘానికి, అంటే ఏఏవీఎస్‌ఓకి, ఏళ్ల తరబడి పరిశీలనలు పంపాడు. మొత్తం 37,000 పైచిలుకు. ఆయన శ్రద్ధకు ముచ్చటపడి ఆ సంఘం 1926లో ఆరు అంగుళాల పైచిలుకు టెలిస్కోపును సముద్రాల మీదుగా పంపింది. చంద్ర వృద్ధుడయ్యాక అది వేణు బప్పు చేతికి వచ్చి, చివరికి కావలూరు చేరింది. ఒక బెంగాలీ గుమాస్తా పల్లెటూరి పెరట్లో మారే నక్షత్రాలను లెక్కించిన గొట్టం, మీటర్ల అద్దాల గుమ్మటాలున్న కొండకు చేరడం ఈ చోటికి గౌరవం.

సాయంత్రం కాగానే సందర్శకుల వరస మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుటుంబాలు, కాలేజీ కుర్రాళ్లు, నాయనమ్మ చెయ్యి పట్టుకొని వచ్చిన పిల్లలు. చిన్న టెలిస్కోపులో గురుగ్రహం. కంటిని గొట్టానికి ఆనించిన ప్రతివాళ్లదీ ముందు మౌనం, తర్వాత ఒక కేక. లెక్చరరుగారి మేనకోడలు రెండోసారి వరసలో నిలబడింది.

రాత్రి పదకొండున్నర. ఆలంగాయంలో బస చేసిన లాడ్జి మేడ మీద, వీధి దీపాలకు పిట్టగోడను అడ్డం పెట్టుకొని ఇద్దరూ తలెత్తారు. నడినెత్తి దగ్గర నారింజ రంగులో స్వాతి. ఈశాన్యాన అప్పుడే పైకొస్తున్న తెల్లటి అభిజిత్తు. స్వాతి నుంచి అభిజిత్తుకు గీత గీస్తే, స్వాతికి దగ్గరగా, సగం గాజులా వంగిన ఏడు చుక్కలు.

"మధ్యలో కాస్త వెలుగున్నది ఆల్ఫెక్కా. తూర్పు కొసకు వెళ్లు. అక్కడ ఎప్సిలాన్ అనే మసక చుక్క. దాని పక్కనే."

"ఏమీ లేదు మామా."

"అంతే. ఆ ఖాళీని గుర్తుపెట్టుకో."

2015 నుంచి టి కరోనే మామూలు కంటే కాస్త వెలుగుతూ వచ్చింది, 2023లో మసకబారింది. 1946 పేలుడుకు ముందు కూడా సరిగ్గా ఇలాంటి మసకే నమోదై ఉంది. ఆ పోలికను పట్టుకొని అమెరికా శాస్త్రజ్ఞుడు బ్రాడ్లీ షేఫర్ 2024లో పేలవచ్చని అంచనా వేశాడు. 2024 గడిచిపోయింది, నక్షత్రం పేలలేదు. ఎంత వాయువు చేరిందో, ఎంత చేరాలో గ్రాముల్లో తెలిసే వీలు లేనప్పుడు ఒక్క ముందు పేలుడు పోలికతో వేసిన లెక్క ఏళ్ల తేడాతో తప్పవచ్చు. ఆ అంచనా వల్ల ఒక మేలు మాత్రం జరిగింది. ప్రపంచమంతటా వందలమంది ఔత్సాహికులు ప్రతి రాత్రి ఆ చోటు చూడటం మొదలుపెట్టారు. ఈసారి పేలుడుకు ముందు గంటలు కూడా ఎవరో ఒకరి కంటపడే అవకాశం బాగా పెరిగింది. 1866లో, 1946లో ఆ భాగ్యం లేకపోయింది.

పాఠకులకు ఒక విన్నపం. జనవరి నుంచి మే వరకు ఆకాశం తేటగా ఉండే నెలల్లో, ఒక శనివారం కావలూరు వెళ్లండి. సందర్శన వేళలు సంస్థ వెబ్‌సైటులో చూసుకొని బయల్దేరండి. పిల్లలను వెంట తీసుకెళ్లండి. వెళ్లలేకపోయినా ఫర్వాలేదు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రం ఆకాశంలో, జనవరి, ఫిబ్రవరుల్లో తెల్లవారుజామున, ఉత్తర కిరీటం తెలుగునాట ప్రతి ఇంటి మేడ మీద నుంచీ కనిపిస్తుంది. ఆ ఏడు చుక్కలను కాగితం మీద ఒకసారి గీసి పెట్టుకోండి. ఎప్పుడైనా ఎనిమిదోది కనిపిస్తే తేదీ, సమయం, పక్క చుక్కలతో పోలిస్తే ఎంత వెలుగో రాసి ఏఏవీఎస్‌ఓకి పంపండి. డిగ్రీలూ, హోదాలూ అడగకుండా ఎవరి పరిశీలననైనా ఆ సంఘం తీసుకుంటుంది. ఆలస్యం మాత్రం చెయ్యకండి. వెలుగు పతాకస్థాయిలో ఉండేది కొద్ది గంటలే, ఉత్త కంటికి కనిపించేది ఇంచుమించు ఒక వారం.